గేటు దాటని మందు చీటీ



మహానంది కోనేరు గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. లింగం అడుగున ఊరిన నీరు కోనేట్లోకి వస్తుంది, నిండాక కాలువై అరటితోటల్లోకి పోతుంది. కరువు ఏడాదిలోనూ ఆ ధార ఆగదు. అడుగున సూది పడినా కనిపించేంత తేటగా ఉంటుంది. మా పక్క చాలా ఇళ్లలో జైలునుంచి వచ్చిన మనిషిని నేరుగా గడప దాటించరు. ముందు ఎక్కడైనా తలస్నానం చేయించి, పాతబట్టలు అక్కడే వదిలించి, అప్పుడు ఇంటికి తీసుకుపోతారు. ఆ ‘ఎక్కడైనా’ అనేది మా చుట్టుపక్కల పల్లెలకు ఎక్కువగా మహానందే.

కొన్నేళ్ల కిందట ఒక కార్తీకమాసం తెల్లవారుజామున కోనేటి మెట్ల మీద అట్లాంటి మనిషి కనిపించాడు. వాళ్లమ్మ టవల్ పట్టుకుని పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి అతనే గుర్తుపట్టాడు. “సార్, బాగుండారా?” అన్నాడు. ఆరో తరగతిలో నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్లవాడు. గొడవలో ఒకరి ప్రాణం పోయి, ఏడేళ్లు జైల్లో ఉండి ఆ ముందురోజే బయటికొచ్చాడు. స్నానం అయ్యాక సత్రంలో వాళ్లు తీసుకున్న గదిదాకా ముగ్గురం నడిచాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. గడియ లేదు, తాళం లేదు. వాడు ఆ తలుపు ముందు ఒక అడుగు పక్కకు జరిగి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పాతకాలపు మర్యాద, పంతులును ముందు పొమ్మంటున్నాడు అనుకున్నాను. “పా నాయనా, లోపలికి పోదాం” అన్నాను. “తీస్తారు కదా సార్” అన్నాడు.

ఏడేళ్లు వాడు ఒక్క తలుపు కూడా తన చేత్తో తీయలేదు. ఎవరో తీస్తారు, ఎవరో వేస్తారు. ఆ మాట అన్నాక వాడికే తెలిసొచ్చి తల వంచుకున్నాడు. వాళ్లమ్మ ఏమీ మాట్లాడకుండా తలుపు తోసింది.

ఇవాళ జైలు గురించి మాట్లాడాలనుకున్నాను. లోపల ఉన్న రోజుల గురించి కథలు, సినిమాలు చాలానే చెప్పాయి. నేను చెప్పేది రెండు గడపల గురించి: లోపలికి పోయే మొదటి రాత్రులు, బయటికొచ్చిన మొదటి వారాలు. మనిషి మనసు ఎక్కువగా విరిగేది ఈ రెండు చోట్లే. ఈ రెండు చోట్లా మన వ్యవస్థ కాగితాలను చూసుకున్నంత జాగ్రత్తగా మనిషిని చూసుకోదు.

మన రాయలసీమకు జైలు మాట కొత్త కాదు. శ్రీకృష్ణ జన్మస్థానమని నవ్వుతూ అంటాం. ఫ్యాక్షన్ కక్షలు ముదిరిన రోజుల్లో ఊరికి పది ఇళ్లలో ఒకడు కడప సెంట్రల్ జైల్లో ఉండేవాడు. “మావోడు లోపలుండాడు” అని తల్లులు చెప్పే తీరులో సిగ్గు ఉండేది కాదు. పార్టీ నాయకుడు వకీలు ఫీజు కట్టేవాడు, ఇంటికి బియ్యం మూట పంపేవాడు, పండక్కి బట్టలు పెట్టేవాడు. ఆ లెక్కలన్నీ సక్రమంగానే జరిగేవి. ఆ లెక్కల్లో ఎక్కడా మనసు లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, నరికిన మనిషి కళ్ల ముందు తిరుగుతున్నాడని చెప్పుకుంటే పార్టీలో పరువు పోతుంది. అందుకని చెప్పుకోలేదు. బయటికొచ్చాక తాగారు. తాగి భార్యల్ని కొట్టారు. కక్షల చరిత్ర రాసినవాళ్లు చచ్చినవాళ్లను లెక్కపెట్టారు, బతికి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు లోపల ఉండేవాళ్లు మారారు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి శిక్షే పడలేదు. నేరం చేశారో లేదో ఇంకా తేలలేదు. శిక్ష పడినవాడు గోడమీద గీతలు గీసుకుని రోజులు లెక్కపెట్టుకుంటాడు, వాడికి ఒక చివర కనిపిస్తుంది. రిమాండు మనిషికి అదీ లేదు. వాయిదా నుంచి వాయిదాకు బతకాలి. బెయిలు వచ్చినా జామీను పెట్టేవాళ్లు దొరకక నెలలకొద్దీ ఉండిపోయేవాళ్లున్నారు. మన కడప, నెల్లూరు జైళ్లలో ఎర్రచందనం కేసుల్లో పట్టుబడిన తమిళ కూలీలను తలచుకోండి. జవ్వాది కొండల నుంచి వచ్చినవాళ్లు, తెలుగు రాదు. గుండెల్లో గుబులుగా ఉందని చెప్పుకోవడానికి కూడా బ్యారక్‌లో భాష తెలిసినవాడు ఉండాలి.

ఆ ఒక్క ఏడాదిలోనే, 2022లో, జైళ్లలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అసహజ మరణాలన్నీ కలిపి 159 అయితే అందులో 119 ఇవే. జైలనగానే మనకు గుర్తొచ్చేది కొట్లాటలు, దాడులు. ఖైదీకి అన్నిటికన్నా పెద్ద గండం తన చేతిలోనే ఉందని ఈ అంకె చెబుతోంది. సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులో జైళ్ల పరిస్థితుల మీద ఇచ్చిన తీర్పులో, మొదటిసారి జైలుకొచ్చినవాళ్లతో మాట్లాడేందుకు కౌన్సెలర్లను పెట్టమని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఈ గండమే. పాతకాపుకు జైలు అలవాటే. కొత్తవాడికి ఆ మొదటి రాత్రి గేటు మూసిన చప్పుడే చెవుల్లో మోగుతుంటుంది.

ఇక్కడ ఒక సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. కర్నూలులో చాలాకాలం మానసిక వైద్యుడిగా పనిచేసిన మిత్రుడొకాయన నాకు విడమరిచి చెప్పింది ఇది. రోజూ పొద్దున లేస్తూనే గొంతులో చుక్క పడనిదే చెయ్యి నిలవని మనిషిని పోలీసులు పట్టుకుని రిమాండుకు పంపారనుకోండి.  కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, తిన్నది ఇమడదు. రెండు మూడు రోజులు దాటేసరికి గోడమీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తాయి, లేని మనుషులతో మాట్లాడతాడు, తానెక్కడున్నాడో తెలియదు, లేచి పరుగెత్తబోతాడు. బ్యారక్‌లో పక్కవాళ్లు గాలి చేష్ట అంటారు. వార్డరు నాటకాలాడుతున్నాడంటాడు. ఇద్దరిదీ పొరపాటే. ఒంట్లోంచి మద్యం ఉన్నట్టుండి ఆగిపోతే మెదడు పడే కలవరం అది. పట్టించుకోకపోతే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. వైద్యం మాత్రం మన చిన్న ఆసుపత్రిలోనూ దొరికేదే: బి1 విటమిన్ సూదులు, కొన్నాళ్లు మోతాదు తగ్గించుకుంటూ ఇచ్చే మాత్రలు, కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి.

“దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదయ్యా” అన్నాడాయన. “గేట్లో పేరు రాసుకునేటప్పుడే ‘ఆఖరుసారి ఎప్పుడు తాగినావు, రోజుకు ఎంత’ అని ఒక్క మాట అడిగి రాసుకుంటే చాలు.” పుట్టుమచ్చలు రాసుకుంటాం. తండ్రి పేరు, ఒంటిమీద గాయాలు, ఎత్తు, అన్నీ రాసుకుంటాం. ఈ ఒక్క ప్రశ్న దగ్గర కలం ఆగుతుంది.

ఇదేదో అరుదైన జబ్బు అనుకోవద్దు. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు పరప్పన అగ్రహార జైల్లో 5,024 మందిని పరీక్షించి 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. మద్యం, ఇతర మత్తుల సమస్యలు పక్కన పెట్టినా నూటికి 27 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. మత్తు కూడా కలిపితే దాదాపు 80 మంది. మన సీమనుంచి కూలికి, వ్యాపారానికి బెంగళూరు పోయేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ జైల్లో మనవాళ్లూ ఉంటారు. అది పరాయి లెక్క కాదు.

చట్టం సంగతికొస్తే, చట్టానికి కొదవ లేదు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. జైలు డాక్టర్లందరికీ మానసిక వైద్యంలో కనీస శిక్షణ ఇవ్వాలంటుంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్యవిభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటుంది. 103వ సెక్షన్లో ఇంకో మాట ఉంది: ఈ జైల్లో మానసిక రోగులెవరూ లేరని జైలు వైద్యాధికారి మూడు నెలలకొకసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ధ్రువపత్రం పంపాలి. ఉద్దేశం మంచిదే, రోగిని జైల్లో ఉంచొద్దని. కానీ ముప్ఫై ఏళ్లు సర్కారీ బడిలో రిటర్నులు పంపినవాడిగా చెబుతున్నాను, ‘లేరు’ అని రాయమని అడిగితే మనవాళ్లు లేరనే రాస్తారు. ఎంతమంది ఉన్నారు, ఏం చేస్తున్నారు అని అడిగి ఉంటే వెతికేవాళ్లేమో.

వెతకకపోతే ఏమవుతుందో ఈ దేశం చూసింది. అస్సాంలో మచల్ లాలుంగ్ అనే ఆయనను 1951లో పట్టుకున్నారు. మతి సరిగా లేదని ఆసుపత్రికి పంపారు, కేసు విచారణకు రాలేదు, కాగితం ఎక్కడో పడిపోయింది. 2005లో బయటికొచ్చాడు. 54 ఏళ్లు. పోయేటప్పుడు ఇరవై మూడేళ్ల కుర్రాడు, వచ్చేటప్పుడు ముసలాయన. విడుదలకు రాయించుకున్న పూచీకత్తు ఒక్క రూపాయి. బిహార్‌లో రుదుల్ సా సంగతీ తెలిసిందే. 1968లో నిర్దోషి అని కోర్టు చెప్పినా 1982దాకా జైల్లోనే ఉన్నాడు. ఎందుకు ఉంచారయ్యా అంటే మతి సరిగా లేదన్నారు. ఏ నేరమూ చేయని మతిలేనివాళ్లను జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సి రావడమే ఒక కథ.

మనదగ్గర ఇంకో ఇబ్బంది ఉండేది, దూరం. మానసిక వైద్యశాల అంటే విశాఖపట్నం, లేదంటే హైదరాబాదు ఎర్రగడ్డ. కడప జైల్లో ఉన్న మనిషిని విశాఖ తీసుకుపోవాలంటే కాపలాగా పోలీసులు కావాలి. పోలీసులు బందోబస్తుల్లో ఉంటారు. తేదీ దాటిపోతుంది. ఇప్పుడు కడప రిమ్స్ ఆవరణలోనే మానసిక వైద్యశాల వచ్చింది, కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యవిభాగం ఎప్పటినుంచో ఉంది. దూరం తగ్గింది. కాపలా పోలీసుల కొరత మాత్రం అట్లానే ఉంది.

మళ్లీ నా శిష్యుడి దగ్గరికి వస్తాను.

సత్రం గదిలో కూర్చున్నాక వాళ్లమ్మ నన్ను వసారాలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. “వానికి ఇంకా ఏమీ చెప్పలేదు సార్. అవ్వ పోయింది. చెరువు కింద రెండెకరాలు అమ్మేసినాం. పాపకు కుదిరిన సంబంధం తప్పిపాయె. లోపలుండేవానికి చెప్పి ఏం జేసేది? మనేద పెట్టుకుంటాడని చెప్పలేదు.” ములాఖత్‌కు పోయిన ప్రతిసారీ అంతా బాగుందని చెప్పి వచ్చింది ఆ తల్లి. జాలీ అవతల కొడుకు, ఇవతల తను, చుట్టూ ఇరవైమంది అరుపులు, ఆ అరుపుల్లో ‘అందరం బాగుండాం, నువ్వు తిను’ అన్న రెండు మాటలు. కొడుకూ అంతే, తనకు లోపల మందులు ఇస్తున్నారని తల్లికి చెప్పలేదు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నారు. ఏడేళ్ల దుఃఖం ఇంటికి చేరిన రోజు రాత్రి ఒక్కసారిగా వాడి నెత్తిన పడింది. మన ఇళ్లలో ప్రేమ చేసే పని ఇది. ములాఖత్‌కు పోయేవాళ్లు ఎవరైనా వింటుంటే ఒక మాట చెబుతాను: చెడ్డ కబురు దాచకండి, కొంచెం కొంచెంగా చెప్పండి. లోపల ఏడవడానికి వాడికి బోలెడు సమయం ఉంటుంది. బయటికొచ్చాక ఉండదు.

ఇక మందుల సంగతి. లోపల అయిదో ఏట వాడికి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపించడం మొదలైంది. రాత్రంతా కూర్చునేవాడు. జైలు డాక్టరు మంచివాడు, గమనించాడు, మానసిక వైద్యుడికి చూపించాడు. మాత్రలతో ఆ గొంతులు ఆగిపోయాయి. ఇది చెప్పకపోతే న్యాయం కాదు. లోపల వైద్యం అందింది, బాగా అందింది. విడుదల కాగితం మాత్రం సాయంత్రం చేరింది. సంతకాలయ్యాయి, వేలిముద్రలయ్యాయి. పోయిననాడు అప్పజెప్పిన చొక్కా, బెల్టు, చెప్పులు తిరిగి ఇచ్చారు. చేసిన పనికి కూలి డబ్బు లెక్కగట్టి ఇచ్చారు. అన్నిటికీ రసీదు. మందులిచ్చే మనిషి అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. జేబులో ఉన్న మాత్రలు నాలుగు రోజులకు వచ్చాయి. చీటీ లేదు.

మూడోవారానికి గొంతులు తిరిగొచ్చాయి. ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. “ఇంతకుముందు ఏం వాడుతుండేవాడు?” అని డాక్టరమ్మ అడిగింది. వాడు చెప్పింది: “పొద్దున తెల్లది మేడమ్, రాత్రికి పసుపుపచ్చది సగం.” అంతే. తెల్ల మాత్రలు లోకంలో ఎన్ని లేవు! జైలుకు ఫోన్ చేశాం. రాతపూర్వకంగా పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాం. ఈలోగా ఆ డాక్టరమ్మ మొదటినుంచి మొదలుపెట్టింది, కుదుటపడడానికి నెలన్నర పట్టింది. ఏ జైలో, ఏ ఆసుపత్రో చెప్పను. తప్పు ఏ ఒక్కరిదనీ నేననుకోవడం లేదు. చొక్కాకు ఒక రిజిస్టరు ఉంది, చెప్పులకు ఉంది, మందుకు లేదు.

బయటికొచ్చిన మొదటి రెండు వారాలు ఎంత గండమో చెప్పే లెక్క ఒకటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30 వేలమందికి పైగా ఖైదీల వివరాలు చూసి 2007లో వైద్యులు రాశారు: ఆ మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే అవకాశం మామూలు జనంతో పోలిస్తే దాదాపు 13 రెట్లు. అక్కడ ఎక్కువగా మత్తుమందు మోతాదు మించి పోయారు. మన దగ్గర కారణం వేరు కావచ్చు, గడప అదే. ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న నెల్సన్ మండేలా నియమాల్లో 110వది ఇదే చెబుతుంది, విడుదలయ్యాక కూడా మానసిక చికిత్స తెగకుండా చూడమని. మన 2017 చట్టంలో 98వ సెక్షన్ కూడా మానసిక చికిత్సాలయం నుంచి ఇంటికి పంపేటప్పుడు తర్వాతి వైద్యం ఎట్లా అన్నది రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడి నిర్ణయించాలంటుంది. ఆ మర్యాద జైలు గేటు దాకా రావాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఒక నెలకు మాత్రలు, మందు పేర్లు రాసిన ఒక కాగితం, మండలంలోని ఆరోగ్య కేంద్రానికి ఒక ఫోను. మా ఆశా కార్యకర్తలు టీబీ మనిషిని వెతుక్కుంటూ అరటితోటల్లోకి పోయి మాత్ర మింగించి వస్తారు. చెబితే ఇదీ చేస్తారు.

గోడలు ఒక్కసారిగా పోవడం కూడా మనసుకు దెబ్బే. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో 1965 నుంచి గోడల్లేని జైలు ఉంది, ఖైదీల వ్యవసాయ క్షేత్రం. శిక్ష చివరి భాగంలో సత్ప్రవర్తన ఉన్నవాళ్లు అక్కడ పొలం పని చేస్తారు. పొద్దున లేచి ఆకాశం చూడడం, తనంత తానుగా మడవ తిప్పడం, ఇవన్నీ మళ్లీ నేర్చుకుంటారు. జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో పనిచేసే ఖైదీలదీ అదే సాధన. కొత్త మనిషి ముఖంలోకి చూసి ‘ఎంతకు కొట్టాలి సార్’ అని అడగడం చిన్న పని కాదు, పదేళ్లు అడగనివాడికి. ఈసారి బండి ఆపినప్పుడు ఒక మాట కలపండి.

తిరిగొచ్చినవాడితో మాట్లాడడానికి ఊరు జంకడం ఇప్పటిది కాదు. మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు వేలూరు జైలుకు పోయారు. దేశం కోసం పోయిన మనిషి, చదువుకున్న మనిషి. ఆయన బయటికొచ్చాక కూడా పోలీసుల భయంతో పలకరించడానికి జనం వెనకాడారని చెబుతారు. అంతటివాడికే అట్లా అయితే కొట్లాట కేసులో పోయొచ్చిన కూలివాడికి టీకొట్టు దగ్గర చోటు దొరుకుతుందా? మావాడు టీకొట్టుకు పోతే అక్కడున్నవాళ్లు లేచిపోయేవాళ్లు కాదు, మాటలు ఆపేసేవాళ్లు. అది ఇంకా కష్టం. గాలి చేష్టేమోనని గుడిలో నిద్ర చేయించమన్నవాళ్లున్నారు. నేను వద్దనలేదు. మాత్ర వేసుకుని నిద్ర చేయమన్నాను.

ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి ఇబ్బంది ఉంటే 14416 నంబరు రాసుకోండి. టెలిమానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా పగలైనా. జైలునుంచి వచ్చామని చెప్పుకోవాల్సిన పనికూడా లేదు.

మావాడు ఇప్పుడు బాగున్నాడు. మందులు వాడుతున్నాడు, అరటితోటలో పనికి పోతున్నాడు, తలుపులు తనే తీసుకుంటున్నాడు. ఒక్కటి మాత్రం చాలాకాలం పోలేదు. జైల్లో సాయంత్రం ఆరింటికి లెక్క చూసి లాకప్ చేస్తారు. ఇంట్లోనూ ఆరు కాగానే, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, గోడవారగా వచ్చి నిలబడేవాడు. ఎవరైనా వచ్చి చూసి పోతే తప్ప కదిలేవాడు కాదు. భార్య కొన్నాళ్లు చూసింది. ఏమీ అనలేదు. ఒకరోజు బర్రె పాలు పితికే వేళ మార్చేసింది. అయిదింటికి పితికేది కాస్తా ఆరింటికి చేసింది. సరిగ్గా ఆరింటికి కొట్టంలోంచి కేకేస్తుంది, “ఏమయ్యా, దూడను పట్టుకో, తాళ్లు తెంపుకుంటాంది” అని. వాడు గోడ దగ్గరికి పోబోయి, ఆగి, దూడ దగ్గరికి పోతాడు.